మిలన్‌లో బొగ్గు కాగితం ముందు

దువోమో మెట్రో స్టేషన్‌లో దిగితే ఆంబ్రోజియానా చిత్రకళా మ్యూజియంకు నడకే. టికెట్ ఖరీదెక్కువే. మిగతా గదులు గబగబా దాటేశాను, వచ్చింది ఐదో గది కోసం కాబట్టి.

పెద్ద అద్దం వెనక ఎనిమిది మీటర్ల వెడల్పున, మూడు మీటర్లకు కాస్త తక్కువ ఎత్తున కాగితం. వాటికన్ గోడ మీద ప్రాచీన తత్వవేత్తలంతా ఒకచోట చేరిన బొమ్మ ‘స్కూల్ ఆఫ్ ఏథెన్స్’ కోసం ఇటలీ చిత్రకారుడు రాఫేల్ బొగ్గుతో, తెల్లరంగుతో గీసిన కార్టూన్. కార్టూనంటే ఇక్కడ నవ్వించే బొమ్మ కాదు, గోడ మీదకు ఎక్కించబోయే బొమ్మకు అసలు సైజు నమూనా. రెండొందల పైచిలుకు కాగితాలు అతికించి చేశారు. మనుషులంతా ఉన్నారు, వెనకాల కమానులు మాత్రం లేవు.

గీతల వెంట సూదితో పొడిచిన చిల్లులు. మగ్గం వర్క్ చేసేవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ట్రేసింగ్ పేపర్ మీద డిజైన్ గీసి, చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో తెల్లపొడి కలిపి గుడ్డతో రుద్దుతారు. తడి ఎక్కువైతే కాగితం కింద పాకి గీత అలుక్కుపోతుంది. ఇటలీలో పొడి బొగ్గును పల్చటి గుడ్డలో మూటకట్టి చిల్లుల మీద అద్దేవాళ్లు. చిల్లులు దూరమైతే ముక్కు, వేళ్ల వంపులు పోతాయి. ఒక రోజులో రంగు వేయగలిగినంత మేరే సున్నపు గార పూయాలి, ఆరితే రంగు పట్టదు. అందుకే కార్టూన్‌ను ముక్కలుగా కోసి తడి గోడకు ఆనించేవాళ్లు, అది అక్కడే పాడయ్యేది. ఇది మిగలడానికి కారణం, కింద మరో కాగితం పెట్టి రెంటికీ కలిపి చిల్లులు పొడవడం. గోడెక్కింది ఆ రెండోది.

పక్కన ఒక గైడు తన గుంపుకి ఒక్కో బొమ్మకీ పేరు చెప్పుకుపోతున్నాడు. తెల్లబట్టల్లో మనవైపు చూసే యువరూపం దగ్గర “హైపేషియా” అన్నాడు, అనుమానమే లేనట్టు. ప్రాచీన అలెగ్జాండ్రియాలో లెక్కలు, తత్వం చెప్పిన ఆవిడ. నాకు మనసు చివుక్కుమంది. ఆ బొమ్మ ఉర్బీనో డ్యూక్ ఫ్రాంచెస్కో మరియాది అనేవాళ్లూ ఉన్నారు, రెంటికీ గట్టి ఆధారం లేదు. గోడ మీద ప్లేటో, అరిస్టాటిల్ చేతుల్లోని పుస్తకాలకు పేర్లున్నాయి కనక వాళ్లిద్దరూ ఖాయం. కంపాస్‌తో వంగిన బట్టతలాయన యూక్లిడో, ఆర్కిమెడీసో. బొమ్మ పూర్తయిన నలభై ఏళ్లకే, 1550లో, చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి ఇందులో సువార్త రాసే మత్తయిని చూశాడు. ఇప్పుడు ఆ బొమ్మనే పైథాగరస్ అంటున్నాం.

నేను ఎక్కువసేపు నిలబడింది మెట్ల ముందు చోట. గోడ మీద అక్కడ బూట్లేసుకుని, రాతిదిమ్మె మీద మోచెయ్యి ఆనించి, దిగులుగా రాసుకునే మనిషి ఉంటాడు. హెరాక్లిటస్ అంటారు, ముఖం మైకెలాంజెలోది అంటారు. కార్టూన్‌లో అతను లేడు! డయోజినిస్ మెట్ల మీద వాలే ఉన్నాడు, ఇతని చోటు ఖాళీ. చుట్టూ పని ముగిశాక కొత్త గార వేసి అతన్ని చేర్చినట్టు గోడను పరీక్షించినవాళ్లు తేల్చారు.

రోమ్ వెళ్లేవాళ్లు వీలైతే ముందు మిలన్‌లో దిగి ఈ ఖాళీ చూడండి. తర్వాత వాటికన్‌లో జనం తోపులాటలో కూడా కళ్లు మొదట అతని మీదకే పోతాయి.