పైడిభీమవరంలో ఈటీపీకి సెక్యూరిటీ గేట్‌వే: నా అనుభవం

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీ. అక్కడి వ్యర్థజలాల శుద్ధి ప్లాంటులో, అంటే అందరూ ఈటీపీ అనేదానిలో, రెండు పీఎల్‌సీలు (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్లు), మూడు హెచ్‌ఎంఐ తెరలు (ఆపరేటర్లు చూసి నొక్కేవి), ప్లాంటు మొత్తాన్ని ఒకచోట చూపే ఒక స్కాడా కంప్యూటరు, రీడింగులు పోగేసి బయటికి పంపే ఒక డేటా కంప్యూటరు ఉన్నాయి. ఇవన్నీ ఆఫీసు ప్రింటర్లు, గేటు దగ్గరి సీసీ కెమెరాలు, అకౌంట్స్ కంప్యూటర్లతో కలిసి ఒకే 192.168.1 నెట్‌వర్క్‌లో కాపురం చేస్తున్నాయి. మధ్యలో గోడ లేదు, తలుపు లేదు. అకౌంట్స్ గదిలో ఎవరో పెట్టిన పెన్‌డ్రైవ్‌లోని వైరస్ బ్లోయర్ ప్యానెల్ దాకా తాపీగా నడిచి వెళ్లొచ్చు. ఆ మధ్యలో ఇండస్ట్రియల్ సెక్యూరిటీ గేట్‌వే, అంటే ఏది పోవచ్చో ఏది పోకూడదో చూసే కాపలా పెట్టె, పెట్టడం మా పని.

‘తీగ పీకేస్తే సరిపోదా’ అని మొదటి రోజే అడిగారు. సరిపోదు. 17 రకాల కాలుష్య కారక పరిశ్రమలు ఆన్‌లైన్ మీటర్లు పెట్టి రీడింగులు పంపాలని 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆదేశించింది. మందుల తయారీ అందులో ఉంది. పీహెచ్, సీఓడీ (నీటిలో కాలుష్యం ఎంతో చెప్పే కొలత), ఫ్లో రీడింగులు ఆగకుండా వెళ్తూనే ఉండాలి. అంటే డేటా బయటికి పోవాలి, బయటి నుంచి ఏదీ లోపలికి రాకూడదు. చెప్పడానికి ఒక వాక్యమే గానీ, దాన్ని రూల్స్‌గా రాయడానికే మూడు వారాలు పట్టింది.

అందులో మొదటి వారమంతా గేట్‌వే పెట్టె సీలు కూడా విప్పలేదు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియకుండా కాపలా పెడితే, అది మొదట ఆపేది ఇంట్లో వాళ్లనే. నెట్‌వర్క్ స్విచ్‌లో ఒక పోర్టుకు మిర్రర్ పెట్టి, అంటే ట్రాఫిక్ నకలు అటు వచ్చేలా చేసి, ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ అనే ప్యాకెట్లు చదివే సాఫ్ట్‌వేర్‌తో ఏడు రోజులు ట్రాఫిక్ పట్టాం. ఒక్క రోజుది సరిపోదు, రాత్రి పన్నెండు గంటల రిపోర్టు, ఆదివారం బ్యాకప్ అందులో కనపడవు. ప్రతి పరికరాన్నీ తట్టి చూసే పోర్ట్ స్కానర్ మాత్రం వాడలేదు. పాత పీఎల్‌సీల కమ్యూనికేషన్ కార్డులు కొన్ని స్కాన్ తాకిడికే బిగుసుకుపోతాయి, తర్వాత పవర్ తీసి పెడితే గానీ లేవవు. నడుస్తున్న ప్లాంటులో అది పరీక్ష అనిపించుకోదు, ప్రమాదమే.

పట్టినదంతా ఒక కాగితం మీద నాలుగు గళ్లలో రాశాం: పిలిచేది ఎవరు, పలికేది ఎవరు, ఏ పోర్టు (ఏ నంబరు తలుపు), ఎందుకు. నాలుగో గడి నిండని వరుసలే అసలు సంగతి చెబుతాయి. డేటా కంప్యూటరు పీఎల్‌సీలను 502 పోర్టులో, అంటే పీఎల్‌సీలు మాట్లాడే మోడ్‌బస్ టీసీపీ భాషలో అడుగుతోంది. సరే. డోసింగ్ పంపుల ప్యానెల్ లోపల ఒక 4జీ రౌటరు దొరికింది, మెషీన్ సరఫరాదారు ఎప్పుడో సర్వీసు కోసం పెట్టుకున్నది, ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లోనే ఉంది. స్కాడా కంప్యూటరుకు రెండు నెట్‌వర్క్ కార్డులున్నాయి, రెండోది ఆఫీసు స్విచ్‌లోకి వెళ్తోంది. ఈ రెండింటినీ అలాగే వదిలేసి గేట్‌వే పెడితే ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసినట్టే.

ఇక బిగింపు. 35 మిల్లీమీటర్ల డిన్ రైల్ (ప్యానెల్‌లో పరికరాలు తగిలించే లోహపు పట్టీ) మీద క్లిప్పు నొక్కితే కూర్చుంటుంది, అందులో విద్య ఏమీ లేదు. ఎక్కడ కూర్చోబెడుతున్నామన్నదే చూసుకోవాలి. మోటార్ల వేగం మార్చే వీఎఫ్‌డీల పక్కన వద్దు, వాటి పవర్ కేబుళ్లతో ఒకే ట్రేలో నెట్‌వర్క్ కేబుల్ అసలే వద్దు. పైనా కిందా 50 మిల్లీమీటర్ల ఖాళీ వదిలాం. మే నెలలో ఏసీ లేని ప్యానెల్ లోపల 50 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి 75 డిగ్రీల రేటింగ్ ఉన్నదే ఎంచుకున్నాం. 24 వోల్టుల డీసీ ఇన్‌పుట్లు రెండు ఉంటాయి. చాలాచోట్ల రెంటినీ ఒకే ఎస్ఎంపీఎస్ (డీసీ కరెంటు ఇచ్చే పవర్ సప్లై) నుంచి లాగి డబుల్ సప్లై ఇచ్చామంటారు, ఆ ఎస్ఎంపీఎస్ పోతే రెండూ పోతాయి. వేర్వేరు ఎస్ఎంపీఎస్‌ల నుంచి, ఒక్కోదానికి 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి ఇచ్చాం. ఎర్తింగ్ తీగ బాడీ స్క్రూ నుంచి నేరుగా ఎర్త్ బార్‌కు. ఫాల్ట్ రిలే కాంటాక్టును పీఎల్‌సీ డిజిటల్ ఇన్‌పుట్‌కు కలిపాం, ఒక సప్లై పోతే స్కాడాలో అలారం మోగుతుంది. కేబుళ్లు దూరే గ్లాండ్ రంధ్రాల్లో వాడనివన్నీ మూసేశాం. వెచ్చగా ఉండే ఎస్ఎంపీఎస్ వెనక బల్లులు గుడ్లు పెడతాయని ఈ ప్రాంతంలో ఏ ఎలక్ట్రీషియన్‌నడిగినా చెబుతాడు.

ఆఫీసుకూ ఈటీపీకీ మధ్య స్తంభాల మీదుగా లాగిన క్యాట్6 కేబుల్ 140 మీటర్లు ఉంది. రాగి ఈథర్‌నెట్‌కు హద్దు 100 మీటర్లు. ఇన్నాళ్లూ నడిచిందంటే అదృష్టం. పైగా ఆరుబయట రాగి తీగంటే పిడుగుకు రాచబాట వేసినట్టే, చుట్టుపక్కల ఎక్కడ పడినా సర్జ్ నేరుగా పోర్టులోకి వస్తుంది. అది తీసేసి ఫైబర్ వేయించాం. ఫైబర్‌ను పెట్టెకు కలిపే ఎస్ఎఫ్‌పీ మాడ్యూళ్లలో ఒక చివరకు సింగిల్‌మోడ్, రెండో చివరకు మల్టీమోడ్ వచ్చాయి, ఒకదానికొకటి సరిపడవు. లింక్ లైటు ఒకసారి వెలిగి, ఒకసారి ఆరి అరపూట తిప్పలు పెట్టింది. మాడ్యూల్ మీది లేబుల్ చదివితే తేలిపోయే పని అది.

కాన్ఫిగరేషన్ అంతా టేబుల్ మీదే ముగించాం. ముందు ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్, తర్వాత ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్పు, రక్షణ లేని పాత దారులు టెల్నెట్, మామూలు హెచ్‌టీటీపీ బంద్, టైము సర్వరు చిరునామా. పీఎల్‌సీలు, హెచ్‌ఎంఐలు, స్కాడా పాత 192.168.1లోనే ఉంటాయి, వాటి ఐపీలు ముట్టుకోలేదు. ఆఫీసు, కెమెరాలు 192.168.20కి, డేటా కంప్యూటరు విడిగా మూడో పోర్టులో 192.168.30కి. డేటా కంప్యూటరు ఇటు పీఎల్‌సీని అడగొచ్చు, అటు 443 పోర్టులో కాలుష్య మండలి సర్వరుకు పంపొచ్చు, అంతే. ఆఫీసు నుంచి పీఎల్‌సీ వైపు ఒక్క ప్యాకెట్టు కూడా వెళ్లదు. ఫైల్ షేరింగ్ 445 పోర్టు అన్ని వైపులా మూత. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వ్యాపించింది ఆ దారినే, మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి.

ఆదివారం షట్‌డౌన్‌లో కేబుళ్లు మార్చాం. పాత ప్యాచ్ కార్డుకు ఎర్ర ట్యాగు కట్టి పక్కనే వేలాడదీశాం, ఏదైనా తేడా వస్తే రెండు నిమిషాల్లో పాత దారికి తిరిగి వచ్చేలా. మొదటి పది రోజులు గేట్‌వే దేనినీ ఆపదు, రూల్ ప్రకారం ఆపాల్సినదాన్ని లాగ్‌లో రాసుకుంటుంది, అంతవరకే.

అయినా తొలి గంటలోనే డేటా ఆగింది. ‘ఏటి సార్, నిన్నటిదాకా బాగానే ఉంది కదా’ అన్నాడు షిఫ్ట్ ఎలక్ట్రీషియన్. అతని మాటా నిజమే. గేట్‌వే పీఎల్‌సీ వైపు పోర్టులో ప్యాకెట్లు పట్టి చూస్తే అడగడం కనిపిస్తోంది, జవాబు లేదు. కారణం పీఎల్‌సీలో డిఫాల్ట్ గేట్‌వే (వేరే నెట్‌వర్క్‌కు వెళ్లే దారి చిరునామా) గడి ఖాళీ. అందరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నన్నాళ్లూ దాని అవసరం రాలేదు. ఇప్పుడు అడిగేవాడు 192.168.30లో ఉన్నాడు, పక్క వీధికి జవాబు ఎలా పంపాలో పీఎల్‌సీకి తెలియదు. ఆ గడి నింపాలంటే హార్డ్‌వేర్ కాన్ఫిగరేషన్ డౌన్‌లోడ్ చేయాలి, ఆ మోడల్‌లో సీపీయూ స్టాప్‌లోకి వెళ్తుంది, అంటే పీఎల్‌సీ పని ఆగుతుంది. దానికి ఫ్యాక్టరీ వాళ్లు ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే సబబు. బదులుగా గేట్‌వేలో సోర్స్ నాట్ పెట్టాం: డేటా కంప్యూటరు నుంచి వచ్చేదంతా గేట్‌వే సొంత చిరునామా 192.168.1.254 నుంచి వచ్చినట్టే పీఎల్‌సీకి కనిపిస్తుంది, పక్కింటి వాడికి జవాబిచ్చినట్టు ఇచ్చేస్తుంది. ఐదు నిమిషాల పని, పీఎల్‌సీని ముట్టుకునే అవసరమే రాలేదు.

రెండోది ఇంకా తమాషా. పది రోజుల తర్వాత రూల్స్ అమల్లో పెట్టాం. డేటా కంప్యూటరుకు మోడ్‌బస్‌లో చదివే ఫంక్షన్లు 1 నుంచి 4 వరకే అనుమతి, రాసే 5, 6, 15, 16 నిషేధం. అంతే, నిమిషానికోసారి కమ్యూనికేషన్ ఫెయిల్ అలారం. రీడింగులు వస్తూనే ఉన్నాయి, అలారమూ మోగుతూనే ఉంది. లాగ్‌లో ఒకే వరుస మళ్లీ మళ్లీ: ఫంక్షన్ 6, తిరస్కరణ. తాను బతికే ఉన్నానని చెప్పడానికి డేటా సాఫ్ట్‌వేర్ నిమిషానికోసారి పీఎల్‌సీలో ఒక రిజిస్టరులో (మెమరీ గడిలో) అంకె రాస్తుందట, అది మాన్యువల్‌లో ఎక్కడో మూలన ఉంది. పది రోజుల లాగ్‌లోనూ ఆ వరుస ఉంది, పెద్ద వరుసలు చూసి చిన్నవి దాటేశాం. తప్పు మాదే.

ఆ ఒక్క రిజిస్టరుకు మాత్రం రాయనిద్దామని రూల్‌లో దాని నంబరు 40101కి తగినట్టు 101 అని కొట్టాం. మళ్లీ తిరస్కరణ. లాగ్ పూర్తిగా విప్పి చూస్తే అక్కడ ఉన్నది అడ్రస్ 100. కాగితం మీద 40001తో లెక్క మొదలవుతుంది, తీగ మీద సున్నాతో మొదలవుతుంది. అందుకే 40101 అంటే తీగలో 100. మోడ్‌బస్‌తో ఏళ్లుగా పనిచేసేవాళ్లు కూడా ఈ ఒకటి తేడా దగ్గర కాలు జారుతూనే ఉంటారు. 100 అని మార్చగానే అలారం ఆగింది.

నిషేధించిన ప్యాకెట్టును ఏం చేయాలన్నది కూడా తేల్చుకోవాలి. చప్పుడు చేయకుండా పారేయడం ఒక పద్ధతి, ‘కుదరదు’ అని తిప్పి చెప్పడం ఇంకో పద్ధతి. ఇంటర్నెట్ వైపు మొదటిదే మేలు. ప్లాంటు లోపల మాత్రం తిప్పి చెప్పడమే నయం. పాత పీఎల్‌సీలు ఒకేసారి కొద్ది కనెక్షన్లే పట్టుకోగలవు. గేట్‌వే రీస్టార్ట్ అయినప్పుడు మధ్యలో తెగిన పాత కనెక్షన్లు చచ్చిన సంగతి ఎవరూ చెప్పకపోతే అవి ఆ చోటు ఆక్రమించుకునే ఉంటాయి, కొత్తవాటిని పీఎల్‌సీ రానివ్వదు. చూసేవాళ్లకు గేట్‌వే పాడైనట్టు కనిపిస్తుంది. రీసెట్ పంపే ఎంపిక పెట్టాక ఆ బాధ తీరింది.

రెండో పీఎల్‌సీది వేరే జబ్బు. పింగ్ (ఉన్నావా అని పలకరించి చూడడం) బ్రహ్మాండం, రీడింగులు మాత్రం అప్పుడప్పుడు టైమవుట్. గేట్‌వే పోర్టు కౌంటర్లలో లేట్ కొలిజన్లు (ప్యాకెట్లు ఆలస్యంగా ఢీకొన్న లెక్క) పెరుగుతూ పోతున్నాయి. పీఎల్‌సీ పోర్టును ఎవరో 100 ఫుల్ డ్యూప్లెక్స్‌కు (ఒకేసారి రెండు వైపులా మాట్లాడే పద్ధతికి) బిగించి పెట్టారు, గేట్‌వే ఆటోలో ఉంది. అవతల ఆటో పలకకపోతే ఇవతలది హాఫ్ డ్యూప్లెక్స్‌కు (ఒకసారి ఒక వైపే మాట్లాడే పద్ధతికి) దిగిపోతుంది. గేట్‌వే పోర్టును కూడా 100 ఫుల్‌కు బిగిస్తే కౌంటర్ ఆగిపోయింది. లింక్ లైటు పచ్చగా ఉందని సంతోషపడకుండా కౌంటర్లు చూడాలన్నది అందుకే.

సరఫరాదారు 4జీ రౌటరు తీసేసి, గేట్‌వేలోనే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా రహస్య దారి) ఇచ్చాం. ప్యానెల్ తలుపు మీద ఒక కీ స్విచ్, దాన్ని గేట్‌వే డిజిటల్ ఇన్‌పుట్‌కు కలిపాం. తాళంచెవి షిఫ్ట్ ఇన్‌చార్జి దగ్గర. తిప్పితేనే వీపీఎన్ లేస్తుంది, తీస్తే పడిపోతుంది. ఎవరు ఎప్పుడు తిప్పారో పక్కన రిజిస్టరులో సంతకం. మొదటి పరీక్షలో కనెక్ట్ అయింది, ప్రోగ్రాం అప్‌లోడ్ మాత్రం సగంలో నిలిచిపోయింది. చిన్న ప్యాకెట్లు పోతున్నాయి, పెద్దవి పోవడం లేదంటే ఎంటీయూ (దారిలో పట్టే ప్యాకెట్టు గరిష్ఠ సైజు) మీదే అనుమానం. ముక్కలు చేయొద్దన్న షరతుతో పింగ్ కొడితే 1472 బైట్లు పోలేదు, 1372 పోయింది. హెడర్ 28 కలిపితే 1400. ఎంఎస్ఎస్‌ను (ఒక్కో ప్యాకెట్టులో పెట్టే డేటా హద్దును) 1360కి తగ్గించాం, అప్‌లోడ్ చివరిదాకా వెళ్లింది.

ఇంకోసారి పొద్దున్నే వీపీఎన్ అసలు లేవలేదు. రాత్రి గాలివానకు కరెంటు చాలాసేపు పోయి, గేట్‌వే లేచేసరికి దాని గడియారం 1970లో ఉంది. వీపీఎన్ గుర్తింపు సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదని దాని లెక్క. టైము సర్వరు పేరుతో ఇచ్చాం గానీ డీఎన్‌ఎస్ (పేరును అంకెల చిరునామాగా మార్చే సర్వరు) ఇవ్వడం మరిచాం, అంకెల చిరునామా ఇచ్చాక సరిపోయింది. టైము వీపీఎన్‌కే కాదు, లాగ్‌లకూ ప్రాణం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, సైబర్ దాడి లాంటి సంఘటన తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలి. గేట్‌వే సొంత మెమరీలో అన్ని రోజులవి నిలవవు, అందుకని లాగ్‌లను బయటికి పంపే సిస్‌లాగ్‌ను ఒక పాత కంప్యూటరుకు మళ్లించాం.

స్కాడా కంప్యూటరు రెండో కార్డు డిసేబుల్ చేయడంతో ఆగలేదు, కార్డునే పీకి స్టోర్‌కు ఇచ్చేశాం. డిసేబుల్ చేసినదాన్ని ఎవరో ఒకరు ఏదో ఒక రాత్రి ఎనేబుల్ చేస్తారు. కాన్ఫిగరేషన్ ఫైలు ఒకటి గేట్‌వే ఎస్‌డీ కార్డులో, ఒకటి మెయింటెనెన్స్ బీరువాలో. నాలుగు గళ్ల కాగితాన్ని లామినేట్ చేయించి ప్యానెల్ తలుపు లోపలి వైపు అతికించాం. నెలకోసారి ఒక ఫ్యూజు తీసి స్కాడాలో అలారం వస్తుందో లేదో చూడడం ఎలక్ట్రీషియన్ పని. మొదటి నెల తీసినప్పుడు రాలేదు, ఫాల్ట్ రిలే తీగ టెర్మినల్‌లో వదులుగా ఉంది. తీగ చివరి ఫెరూల్ (లోహపు తొడుగు) మార్చి బిగించాక మోగింది.