శనివారం ఆట, టీవీ వాళ్ళ గడియారం

టెక్సస్‌లోనో అలబామాలోనో ఒహాయోలోనో ఉద్యోగంలో చేరినవాళ్ళకి సెప్టెంబరు రాగానే ఒక సంగతి తెలిసొస్తుంది: శనివారం సగం టీమ్ ఫోనెత్తదు. కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ రోజు అది. శనివారాల ఆన్‌కాల్ మనం తీసుకుని, బదులుగా దీపావళికో సంక్రాంతికో సెలవు మాట్లాడుకోవచ్చు. ఇంత సులువుగా కుదిరే బేరం ఆఫీసులో ఇంకోటి ఉండదు.

ఆడేది కాలేజీ కుర్రాళ్ళే. అయినా పెన్సిల్వేనియాలో స్టేట్ కాలేజ్ అనే 40 వేల జనాభా ఊళ్ళో ఉన్న బీవర్ స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్ళలో అందరికన్నా ఎక్కువ అందుకునేది గవర్నరు కాదు, యూనివర్సిటీ కోచ్. ఆ కోచ్‌ని తీసేసినా డబ్బివ్వాల్సిందే. 2023లో టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ తన కోచ్ జింబో ఫిషర్‌ని కాంట్రాక్టు మధ్యలో పంపించేసినందుకు 7.5 కోట్ల డాలర్లకు పైగా బాకీ పడింది.

ఆటగాళ్ళకి డబ్బు ముట్టడం మొదలయ్యాకే ఆట చెడిందని పాత అభిమానులు సోమవారం లంచ్ దగ్గర వాపోతుంటారు. ఆ మాట నిలబడదు. ఆటగాడు తన పేరు, ఫొటో వాడుకుని సంపాదించుకోవడానికి అనుమతి వచ్చింది 2021 జులైలో. అభిమాని శనివారాన్ని టీవీ అంతకు చాలా ముందే కొనేసింది. 1984లో ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు వేసిన కేసులో సుప్రీంకోర్టు టీవీ హక్కుల మీద కాలేజీ క్రీడల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. ఆ తర్వాత క్రమంగా హక్కులు కాన్ఫరెన్సుల (యూనివర్సిటీ జట్లు కలిసి ఆడే లీగుల్లాంటి కూటముల) చేతికొచ్చాయి, ఎవరి బేరం వాళ్ళదైంది. 2022లో బిగ్ టెన్ కాన్ఫరెన్సు ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్ళకు 700 కోట్ల డాలర్లకు మించిన ఒప్పందం చేసుకుంది. 2024లో లాస్ ఏంజెలస్ జట్లు రెండూ, ఓరెగన్, వాషింగ్టన్ అందులో చేరిపోయాయి. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్ ఇప్పుడు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో ఆడుతోంది! డాలస్‌లోని ఎస్ఎంయూ అయితే తొమ్మిదేళ్ళు టీవీ వాటా వద్దని ఒప్పుకుని మరీ అదే కాన్ఫరెన్సులోకి వెళ్ళింది. టెక్సస్, ఎ అండ్ ఎం జట్ల మధ్య థ్యాంక్స్‌గివింగ్ పోరు 2011తో ఆగిపోవడానికీ, 2024లో మళ్ళీ మొదలవడానికీ కారణం ఈ కాన్ఫరెన్సుల మార్పిడే. తెంచిందీ కలిపిందీ ఒకటే డబ్బు.

ఆటగాళ్ళ లెక్క ఇప్పుడు బాహాటమే. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం ఒక్కో యూనివర్సిటీ 2025-26లో తన క్రీడాకారులందరికీ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చు. అందులో పెద్ద వాటా ఫుట్‌బాల్‌కే పోతుంది. బయటి కంపెనీలతో 600 డాలర్లు దాటిన ఒప్పందాలైతే విడిగా నమోదు చేసి పరిశీలనకు పంపాలి. ఇదంతా ఎవరి జేబులోంచి? 2025 సీజన్ టికెట్లకు టెనెసీ యూనివర్సిటీ 10 శాతం ‘టాలెంట్ ఫీజు’ అని పేరు పెట్టి మరీ కలిపింది. మిగతావాళ్ళు పేరు పెట్టకుండా కలుపుతారు.

అందుకే సీజన్ టికెట్ కొనేముందు దాని అసలు ధర లెక్కేసుకోవాలి. పెద్ద జట్లకు ముఖవిలువ ఒక్కటే కాదు. మంచి సీటు కావాలంటే ఏటా బూస్టర్ ఫండ్‌కి, అంటే జట్ల కోసం అభిమానుల దగ్గర వసూలు చేసే నిధికి, డొనేషన్ కట్టాలి. ఎన్నేళ్ళుగా, ఎంత కట్టారన్నదాన్ని బట్టి పాయింట్లు వస్తాయి, పాయింట్లను బట్టి సీటు. ఈ డొనేషన్‌లో 80 శాతం పన్ను మినహాయింపుకి వస్తుందని ఇప్పటికీ చెప్పే సహోద్యోగులుంటారు. టికెట్ హక్కు కోసం కట్టే డొనేషన్‌కి ఆ వెసులుబాటు 2018 నుంచి లేదు.

ఒక్కసారి చూసొస్తే చాలనుకుంటే సెప్టెంబరులో చిన్న కాలేజీతో జరిగే మ్యాచ్ ఎంచుకోండి. పెద్ద జట్లు డబ్బిచ్చి పిలిచి ఓడించి పంపే మ్యాచ్‌లవి, రీసేల్‌లో చివరి రోజున ధర పడిపోతుంది. అప్పుడప్పుడూ బేరం ఎదురు తిరుగుతుంది: 2007లో మిషిగన్ 4 లక్షల డాలర్లిచ్చి పిలిచిన అపలాచియన్ స్టేట్, మిషిగన్ సొంత మైదానంలోనే 34-32తో గెలిచి వెళ్ళింది. రీసేల్ యాప్‌లు మొదట్లోనే ఫీజులన్నీ కలిపిన ధర చూపించాలని 2025 మే నుంచి నిబంధన ఉంది, ఆ మొత్తం ధరల్నే పోల్చాలి.

చాలా మ్యాచ్‌ల సమయం 12 రోజుల ముందు, ఒక్కోసారి 6 రోజుల ముందు మాత్రమే టీవీ వాళ్ళు ఖరారు చేస్తారు. మధ్యాహ్నం 12 గంటలకో రాత్రి 8కో తేలకుండా విమానం టికెట్ తీయకండి. చిన్న ఊళ్ళలో హోటళ్ళు మ్యాచ్ వారాంతానికి కనీసం రెండు రాత్రులు అంటాయి. గంటన్నర దూరంలో గది తీసుకుని కారులో వెళ్ళడం నయం, కాకపోతే పార్కింగ్ పాస్ ముందే కొనాలి.

ఎక్కువ స్టేడియాల్లో 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు మించని పారదర్శక సంచీనే లోపలికి రానిస్తారు. కొత్తవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే: మామూలు బ్యాక్‌ప్యాక్‌తో వచ్చి మళ్ళీ కారుదాకా నడక. టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది. గేటు దగ్గర లక్షమంది ఫోన్లకు నెట్‌వర్క్ చాలదు, కాబట్టి ఇంట్లోనే వాలెట్‌లోకి దించుకోవాలి. పులిహోర పొట్లం గేటు దాటదు, దాన్ని పార్కింగ్‌లో టెయిల్‌గేట్ (ఆటకి ముందు కార్ల దగ్గర చేసుకునే విందు) దగ్గరే ముగించాలి. టెయిల్‌గేట్‌కి పిలిస్తే ఏదో ఒకటి పట్టుకెళ్ళడం మర్యాద. శాకాహారులైతే అల్యూమినియం ఫాయిల్ కూడా తీసుకెళ్తే అదే గ్రిల్ మీద మొక్కజొన్న కాల్చుకోవచ్చు. గడియారం ప్రకారం ఆట 60 నిమిషాలే, కూర్చోవాల్సింది మాత్రం మూడున్నర గంటలు. 2023లో ఆట నిడివి తగ్గించాలని ఫస్ట్ డౌన్ (జట్టు పది గజాలు ముందుకెళ్ళి కొత్త ప్రయత్నాలు సంపాదించడం) తర్వాత కూడా గడియారం ఆపకుండా నడిపించడం మొదలుపెట్టారు, రెండు అర్ధభాగాల్లోనూ చివరి రెండు నిమిషాలు తప్ప. తగ్గింది ఆట, ప్రకటనలు కాదు.

ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లలు ఫీజు రసీదులో అథ్లెటిక్ ఫీజు ఉందేమో చూసుకోవాలి. కొన్నిచోట్ల అందులోనే టికెట్టు వస్తుంది, కొన్నిచోట్ల స్పోర్ట్స్ పాస్ వేరేగా కొనాలి. వీసా మెలిక ఇంకోటి. కాలేజీ జట్లలో పంటర్లు (బంతిని దూరంగా తన్నే ఆటగాళ్ళు) చాలామంది ఆస్ట్రేలియా కుర్రాళ్ళు, మన పిల్లల్లాగే ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్ళు. పక్క లాకర్ అమెరికన్ ప్రకటనల్లో సంపాదిస్తుంటే, అనుమతి లేని పని కిందికి వస్తుందన్న భయంతో అమెరికా గడ్డ మీద వాళ్ళు అలాంటి సంతకాలకి వెనకాడతారు. మ్యాచ్ రోజు స్టేడియంలో తిండి స్టాల్ దగ్గర పని దొరికినా లెక్క అంతే. ఆ స్టాల్ బయటి కంపెనీదైతే అది క్యాంపస్ పని కిందికి వస్తుందో రాదో ఇంటర్నేషనల్ ఆఫీసులో విద్యార్థి వీసా వ్యవహారాలు చూసే అధికారి డీఎస్ఓని ఈమెయిల్లో అడిగి, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే వెళ్ళాలి. సెమిస్టరు నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటల పరిమితిలో ఆ గంటలు కూడా కలుస్తాయి.