ఛందస్సు చెడని తప్పులు

మొన్న ఆదివారం ఒక్క మాట దగ్గర పూటంతా కూర్చుండిపోయాను. పోతన భాగవతం అష్టమ స్కంధానికి ఆరు తాటాకు ప్రతుల ఫొటోలు నా దగ్గరున్నాయి. ఏడాదిన్నరగా ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు టైప్ చేస్తున్నాను. ఏది చూసి ఏది రాసుకున్నారో, ఏ ఊరి ప్రతి ఏ ఊరికి చేరిందో ప్రోగ్రామ్‌తో తేల్చాలని నా ఆశ.

ఇంగ్లండ్‌లో 1998లోనే ఈ దారిన వెళ్లారు. చాసర్ కాంటర్‌బరీ కథల్లో ఒక భాగానికి మిగిలిన 58 పదిహేనో శతాబ్దపు ప్రతులు తీసుకుని, జీవుల వంశవృక్షాలు గీసే సాఫ్ట్‌వేర్‌తో పోల్చారు. ఒకే తప్పు రెండు ప్రతుల్లో కనిపిస్తే రెండూ ఒకే మాతృక (చూసి రాసుకున్న ప్రతి) నుంచి వచ్చి ఉంటాయన్నది మూలసూత్రం.

మన పద్యాలతో చిక్కేమిటంటే అన్ని తప్పులూ ఒక్క విలువవి కావు. నా ప్రోగ్రామ్ మొదట రెండు ప్రతుల్ని దగ్గరి చుట్టాలంది. రెండింట్లోనూ ఒకే పద్యంలో ఒకే పాదం ఎగిరిపోయింది మరి. కానీ వృత్తంలో నాలుగు పాదాలకూ ప్రాస, అంటే రెండో అక్షరం, ఒకటే. ఆకు మీద పాదాలు విడగొట్టి ఉండవు, మాటల మధ్య ఖాళీ కూడా ఉండదు. గంటం ఆపి మళ్లీ మాతృక వైపు చూసిన వ్రాయసగాడి కన్ను అదే ప్రాసాక్షరం ఉన్న తర్వాతి పాదం మీద పడితే ఆశ్చర్యం లేదు. ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరికీ అక్కడే జారొచ్చు. అందుకని ఆ తప్పుకి మార్కులు తగ్గించాను.

అసలు సాక్ష్యం వేరే చోట ఉంది. గణం చెడితే తర్వాత చదివిన పండితుడు దిద్దేస్తాడు. 'కమల' ఉండాల్సిన చోట 'విమల' పడితే? అదీ నగణమే, ఇదీ నగణమే, మూడూ లఘువులే. యతి స్థానం కాకపోతే, అర్థం కూడా నప్పితే ఎవరూ పట్టుకోరు. ఊరూరా తిరిగేది అలాంటి తప్పే.

మూడో ప్రతిలో ఆ 'విమల' ఉంది. చివరి ఆకు మీద ఆనంద నామ సంవత్సరం అని రాసుంది. అరవయ్యేళ్లకోసారి వచ్చే పేరు కాబట్టి 1734, 1794, 1854, 1914 అన్నీ లెక్కలోకి వస్తాయి. తిథీ వారం కలిపి చూస్తే 1854కే కుదిరింది. అయిదో ప్రతికి చివరి ఆకే లేదు. టైప్ చేసిన దాంట్లో అక్కడ 'కమల' అనే ఉంది. ఎందుకో అనుమానమొచ్చి ఫొటో పెద్దది చేసి చూశాను.

ఆకు మీద 'విమల'. స్పష్టంగా, గుడి దీర్ఘం ఏమీ లేకుండా, 'వి'.

ఆ పద్యం చిన్నప్పుడు తాతయ్య నేర్పించింది. కళ్లు ఆకు మీదే ఉన్నాయి, వేళ్లు మాత్రం నోటికొచ్చిన పాఠమే కొట్టాయి. "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా" అని వ్రాయసగాళ్లు చివర్లో రాసుకునేవాళ్లు, చూసింది చూసినట్టే రాశానని. నేనలా అనలేను.

వచనాలు నాకు కంఠస్థం కావు కాబట్టి వాటి మీద నమ్మకముంది. నోటికొచ్చిన పద్యాలన్నీ ఆరు ప్రతుల్లోనూ మళ్లీ చూస్తున్నాను, ఈసారి చివరి అక్షరం నుంచి వెనక్కి. ఇప్పటికి పదకొండు పద్యాలయ్యాయి.