కోళ్ల ఎరువు నీళ్లు: నా అనుభవం

ఈ ఉదయం మా మిద్దె తోటలో రెండు కిలోలకు పైగా వంకాయలు కోశాను. ఒక్క పుచ్చు లేదు. తొడిమ ముళ్లు వేలికి గుచ్చుకునేంత తాజాగా ఉన్నాయి. ఆ బుట్ట పట్టుకుని మెట్లు దిగుతుంటే, శ్రావణంలో ఇవే మెట్లు తల వంచుకుని దిగిన రాత్రి గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఆ సంగతి రాసి తీరాలని వెంటనే కూర్చున్నాను.

మాది విజయవాడలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. మేముండేది పై అంతస్తులో. డాబా మీద 32 కుండీలు పెంచుతున్నాను. తణుకు దగ్గర మా పుట్టింటి వైపు కోళ్లఫారాలకు కొదవ లేదు. అడిగిన వారానికే మా తమ్ముడు నాలుగు బస్తాల ఎరువు పంపాడు. అక్కడి వరకూ ఏ ఇబ్బందీ లేదు.

మొదటి తప్పు నర్సరీ అతని మాట నమ్మడం. "అమ్మా, ఎంత వేస్తే అంత బలం" అన్నాడు. కుండీకి రెండు గుప్పిళ్ల చొప్పున పచ్చి ఎరువే వేశాను. నాలుగో రోజుకు టమాటా ఆకుల అంచులు నిప్పు తగిలిన కాగితంలా ముడుచుకున్నాయి. తొమ్మిది మొక్కలు పోయాయి. మళ్లీ అడిగితే "నీళ్లు తక్కువ పోసి ఉంటారు" అన్నాడు. మొక్కలు అమ్ముకునేవాడికి మొక్క చచ్చిపోతే నష్టమేముంది, ఇంకొకటి అమ్ముకుంటాడు!

అసలు కారణం తరువాత తెలిసింది. కోడి రెట్టలో తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం. కోడికి మూత్రం వేరుగా రాదు, అంతా రెట్టతోనే పోతుంది. అది కుళ్లినప్పుడు అమ్మోనియా పుట్టి లేత వేళ్లను కాల్చేస్తుంది. వంద కిలోల పశువుల ఎరువులో నత్రజని అర కిలో ఉంటే, ఎండిన కోళ్ల ఎరువులో మూడు కిలోల దాకా ఉంటుంది. అంత ఘాటైనదాన్ని చిన్న కుండీలో నేరుగా వేయకూడదు.

అందుకే నానబెట్టి నీళ్లు పోద్దామనుకున్నాను. పది కిలోల ఎరువును గోనెసంచిలో మూటకట్టి నీలం డ్రమ్ములో వేసి, అంచు దాకా నీళ్లు నింపాను. పదిహేను రోజులు మూత గట్టిగా బిగించి ఉంచమని ఒక వీడియోలో చెప్పారు. అలాగే చేశాను. వారం తిరగకుండానే లోపల గాలి పుట్టి మూత ఉబ్బింది. పగులుతుందేమోనని కాస్త వదులు చేసి పైన ఇటుక పెట్టాను.

అది వరలక్ష్మీ వ్రతం ముందు రోజు, గురువారం. రాత్రి ఎనిమిదిన్నరకు పెద్ద గాలివాన వచ్చింది. మూత ఎగిరిపోయింది, డ్రమ్ము పొంగింది, ఆ నల్లటి నీళ్లన్నీ వాన గొట్టంలోకి వెళ్లాయి. ఆ గొట్టం నాలుగో అంతస్తు దగ్గర అతుకు ఊడి ఉంది. దాన్ని బాగు చేయించమని రెండేళ్లుగా అసోసియేషన్‌ను అడుగుతున్నది నేనే.

"పిన్నిగారూ, ఒకసారి కిందికి రండి" అని ఫోను వచ్చింది. నాలుగో అంతస్తు వాళ్ల కోడలు. పెళ్లయ్యాక ఆమెకు అదే మొదటి వ్రతం. మరుసటి రోజు పూజకని పసుపురంగు చీర తడిపి, ఎవరూ తాకకుండా బాల్కనీలో దండెం మీద మడి ఆరేసుకుంది. నేను వెళ్లేసరికి ఆ చీర కొంగు మీద మోచేతి పొడుగున నల్లటి చార, దానికి అంటుకుని నాలుగైదు వరి ఊక పొట్టులు. ముక్కు మూసుకోకుండా ఆ గదిలో నిలబడలేం. ఆమె ఏడవలేదు, ఒక్క మాట అనలేదు. వాళ్ల అత్తగారు గుమ్మంలో నిలబడి నా పాదాల వైపు చూస్తున్నారు. తిట్టినా బాగుండేది. ఆ బాల్కనీ నేనే కడిగాను, రెండు గంటలు పట్టింది. ఆ పిల్ల రాత్రికి రాత్రి ఇంకో చీర తడిపింది. ఆ వానలో ఎక్కడ ఆరుతుంది? తడి చీరతోనే పూజలో కూర్చుంది. అయినా సాయంత్రం పేరంటానికి నన్ను పిలిచింది. ముఖం చెల్లక వెళ్లలేకపోయాను.

ఆ ఇంటివాళ్లు పెట్టుకున్న మర్యాద సెక్రటరీగారు పెట్టుకోలేదు. డ్రమ్ము ఫోటో తీసి అందరి ఫోన్లకూ పంపారు. ఆదివారం సెల్లారులో కుర్చీలు వేయించి, నన్ను నిలబెట్టి, "ఇది ఇల్లా, పెంటదిబ్బా?" అన్నారు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన నేను, ఎప్పుడో పిల్లలను నిలబెట్టినట్టు నిలబడ్డాను. తప్పు ఒప్పుకున్నాను. గొట్టం అతుకు సంగతి ఎత్తితే "విషయం పక్కదారి పట్టించకండి" అన్నారు. ఇంకెప్పుడూ డాబా మీద ఎరువు నానబెట్టనని మావారి చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. మరుసటి రోజే అతుకు బాగు చేయించారు. రెండేళ్లు కదలని పని ఒక్క పూటలో అయింది! తడి చెత్తను ప్లాస్టిక్ సంచిలో కట్టి కాలువలోకి విసిరేవాళ్లకు ఏ సమావేశమూ ఉండదు. మట్టికి తిండి పెట్టాలనుకున్నవాళ్లకే సంజాయిషీలు.

పది రోజులు తోటలోకి వెళ్లలేదు. తమ్ముడే ఫోను చేసి, "అక్కా, గాలి ఆడకుండా బిగిస్తే కుళ్లుతుంది, ఆ కంపు అందుకే. మాగిన ఎరువు తీసుకో, తక్కువ నానబెట్టు" అన్నాడు. మిగిలిన ఎరువు వాడి పొలంలోనే ఎండుటాకులు కలిపి, తడుపుతూ, తిరగేస్తూ మూడు నెలలు మాగబెట్టాం. మాగిన దానికి మట్టి వాసనే ఉంటుంది. నానబెట్టడం కూడా అక్కడే: ఇరవై లీటర్ల బకెట్‌కు రెండు కిలోలు, మూడు రోజులు, పూటకోసారి కర్రతో బాగా కలుపుతూ, పైన మూతకు బదులు పల్చటి గుడ్డ కట్టి. వడకట్టిన నీళ్లు క్యానులో వస్తాయి. ఒక మగ్గుకు పది మగ్గుల మంచినీళ్లు కలుపుతాను. పలుచటి టీ డికాషన్ రంగు రావాలి, అంతకంటే చిక్కబడితే ఇంకా నీళ్లు పోయండి. ముందు కుండీ తడిపి, తరువాత మొదలుకు కాస్త దూరంగా పోస్తాను, ఆకు మీద చుక్క పడనివ్వను. పదిహేను రోజులకోసారి చాలు. పూత మొదలయ్యాక ఇంకా తగ్గించాలి, లేకపోతే ఆకే తప్ప కాయ ఉండదు. కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటే ఆపేసి, అడుగు రంధ్రం నుంచి ధారగా కారేలా మంచినీళ్లు పోయాలి.

ఆకుకూరలకు, ముల్లంగికి ఈ నీళ్లు నేను పోయను. కోళ్ల ఎరువులో సాల్మొనెల్లా వంటి, కడుపు పాడుచేసే క్రిములు ఉండొచ్చు, సరిగా మాగకపోతే అవి చావవు. చేతులకు తొడుగులు లేకుండా ముట్టుకోను. ఈ విషయం ఆ వీడియోలో ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

బుట్టలో సగం వంకాయలు నాలుగో అంతస్తుకు తీసుకెళ్లాను. వాళ్ల అత్తగారే తలుపు తీసి, ఒక కాయ చేతిలోకి తీసుకుని, "గుత్తి వంకాయకు సరిపోతాయి" అన్నారు. సెక్రటరీగారింటి మెట్టు మాత్రం ఎక్కలేదు.