పానగల్లులో కదలని నీడ

ముందు నా గురించి కాస్త చెప్పాలి, లేకపోతే ఒక నీడ కోసం అంత దూరం ఎందుకు పోయానో అర్థం కాదు. మాది కల్వకుర్తి దగ్గర పల్లె. ఇంటర్ ఎంపీసీ, ఎంసెట్‌లో పైకి చెప్పుకోలేని ర్యాంకు, డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్‌లో పెట్టిన ఆప్షన్లలో ఏదో ఒకటి తగిలి మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ. మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్. నేను గ్రూప్స్ రాయాలని, అది కాకపోతే కానిస్టేబులైనా కావాలని మా నాయిన ఆశ. నాకూ అలాగే ఉండేది. మొదటి ఏడాది సెలవుల్లో జడ్చర్లలో ఫోటో స్టూడియో నడిపే మామ దోస్తు ఒకాయన, పెళ్లిళ్ల సీజన్‌లో లైట్ పట్టుకోవడానికి మనిషి కావాలన్నాడు. పెళ్లికి 600 రూపాయలు, భోజనం. లైట్ పట్టుకున్నవాణ్ణి, కెమెరా ఊగకుండా పట్టే గింబల్ పట్టుకున్నాను, తర్వాత ఎడిటింగ్‌కు కూర్చున్నాను. ఇక పుస్తకాల ముందు కూర్చోబుద్ధి కాలేదు. ఇంట్లో మాత్రం ఇప్పటికీ అది సెలవుల పనే.

తలంబ్రాలు, అప్పగింతలు, స్లో మోషన్‌లో పెళ్లికొడుకు నడక. ఎవరి పెళ్లైనా అదే వరుస. నాదంటూ ఒక వీడియో ఉండాలనిపించి పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం ఎంచుకున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లింగం మీద పడే స్తంభం నీడ కదలదంటారు కదా. ఒక ఫోన్ గుడి బయట, ఒకటి లోపల పెట్టి టైమ్‌ల్యాప్స్ తీస్తే బయట నీడలు పాకుతుంటాయి, లోపలిది కదలదు. రెండూ పక్కపక్కన పెడితే చాలు. హాస్టల్లో ఈ మాట చెప్తే "పానగల్ అంటే మన వనపర్తి దిక్కుదే కదరా, ఆడ కోట ఉంటది, గుడేంది?" అన్నారు. నల్లగొండ పక్కన ఇంకో పానగల్లు ఉందని, కుందూరు చోడులనే రాజుల రాజధాని అదేనని చెప్పి, ఒకడి ఫోన్ అప్పు తీసుకుని బయల్దేరాను.

బస్సు గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేసిన మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి మా రూట్లో మగపిల్లలు కూర్చున్నది అరుదే. మా అమ్మ కూడా జీరో టికెట్ మీదే తిరుగుతుంది కాబట్టి నోరెత్తలేను. కానీ టికెట్ కొని మరీ దేవరకొండ దాకా నిలబడటం, అదీ భుజాన ట్రైపాడ్ సంచితో, ఎవరికి తగిలినా తిట్లు! నల్లగొండలో దిగితే, నాలుగైదు కిలోమీటర్ల దూరానికి ఆటో అన్న 150 అడిగాడు. షేర్ ఆటో 20కే పోతుంది, కాకపోతే నిండేదాకా ఆగాలి. ఆగాను.

గుడి ఊరికి ఎడంగా, పొలాల మధ్య, కోనేరు పక్కన ఉంది. ఒకే మండపం చుట్టూ మూడు గర్భగుళ్లు. అందులో ఒకదాంట్లో ఉంది నీడ, లింగం మీద నిలువుగా. మండపంలోకి వచ్చి అది ఏ స్తంభానిదో తేల్చుకుందామని చూశాను. ఏ స్తంభమూ లింగానికి ఎదురుగా అడ్డం లేదు! అటు జరిగాను, ఇటు జరిగాను, చేయి అడ్డం పెట్టాను. పూజారి నవ్వుతూ చూస్తున్నాడు, ఇలాంటివాళ్లను రోజూ చూస్తాడు కాబోలు. "ఫిజిక్స్ చదువుతున్నవా?" అన్నాడు. అవునంటే ఇంకా నవ్వాడు.

బయట ఫోన్ బాగానే నడిచింది. లోపల ఫోన్‌తోనే టెన్షన్. వచ్చినవాళ్లందరూ నీడ సరిగ్గా కనబడటం లేదని టార్చ్ కొడుతున్నారు. టార్చ్ పడగానే నీడ మాయం! వాళ్లు "ఏదీ, లేదుగా" అనుకుంటూ వెళ్లిపోతున్నారు. చీకట్లోనే కనబడేదాన్ని దీపం పట్టి వెతికినట్టుంది. ఇద్దరు ముగ్గురికి చెప్పి చూశాను, నేను గుడి మనిషిననుకుని ప్రసాదం అడిగారు.

మధ్యాహ్నం అరుగు మీద కూర్చుంటే విషయం కొంచెం వెలిగింది. లోపలికి వచ్చేది నేరుగా పడే ఎండ కాదు, స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుతురు. సూర్యుడు ఎటు తిరిగినా ఆ సందులు తిరగవు. స్కాటరింగ్ మీద పరీక్షలో పేజీలు నింపాను, ఒక్కసారి కూడా ఇలా తట్టలేదు. పెళ్లికూతురు ఫోటో ఎప్పుడు తీసినా స్టూడియో అన్న ఎండలో కాకుండా కిటికీ పక్కన ఎందుకు నిలబెడతాడో కూడా అప్పుడే అర్థమైంది. మా లెక్చరర్ నోట్స్ ఇచ్చే బదులు మమ్మల్ని ఒకసారి ఇక్కడికి తోలుకొస్తే సరిపోయేది. ఉదయసముద్రం చెరువు కట్ట, పచ్చల సోమేశ్వరాలయం, పక్కనున్న మ్యూజియం కూడా చూశాను. శిల్పాలు బాగున్నాయి, కానీ నా బుర్ర అప్పటికే నీడ దగ్గర ఆగిపోయింది.

తిరుగు బస్సులో కొండమల్లేపల్లి దాటాక సీటు దొరికింది. కిటికీ పక్కన ఒక పెద్దమ్మ. ట్రైపాడ్ చూసి "ఏంది బిడ్డా గది, తుపాకా?" అంది. వీడియో తీసేదంటే, పుణెలో సెంట్రింగ్ పనికి పోయిన కొడుక్కి తనది ఒకటి తీసి పంపమంది. నంబరు చీర కొంగుకు కట్టిన కాగితంలో ఉంది. సాయంత్రం వెలుతురు ముఖాన పడుతోంది. ఏడుస్తుందేమో అనుకుంటూ రికార్డ్ నొక్కాను.

"ఓ కొడకా, ఫోనెందుకు ఎత్తవురా? పైసలు పంపకున్నా పాయె, ఫోనన్నా ఎత్తు. బర్రె ఈనింది, పెయ్యదూడ. మీ చిన్నాయన గెట్టు మళ్ల జరిపిండు, నువ్వొచ్చి అడుగు. చెల్లె సంబంధం ఖాయమైంది, మాఘంల పెండ్లి. రాకపోయినవో, చెప్త నీ సంగతి." నా వైపు తిరిగి, "చాలా, ఇంకా తిట్టాల్నా?" అంది.

గుడి వీడియో పెట్టాను, ఏదో చూశారు. బయట నీడ పాకడం బాగుందన్నారు, లోపలిది ఫోటో అనుకున్నారు. పెద్దమ్మ వీడియోకు రాత్రి పుణె నుంచి జవాబొచ్చింది. "అన్నా ఎవరు నువ్వు? మా అవ్వ దగ్గర ఎంత తీసుకున్నవ్?" ఏమీ తీసుకోలేదన్నాను. కాసేపటికి ఇంకొకటి: "మంచిగొచ్చింది. చెల్లె పెండ్లికి వస్తవా? రేటు చెప్పు." నాకు రేటు అనేది ఒకటుందని అప్పటిదాకా తెలియదు. స్టూడియో అన్నకు ఫోన్ చేశాను. "డ్రోన్ కావాల్నా, వద్దా, ముందు అది అడుగుపో" అన్నాడు.