చుట్టు టాకోల చిట్టా: ఏడో విడతలోనూ లొంగని లోపలి పొర

టోర్టియాల్లో, అంటే పలచని మొక్కజొన్న రొట్టెల్లో, మిగిలిన మేక మాంసం చుట్టి వేయించే ఈ టాకోలు నిన్న రాత్రి ఏడో విడతలో నూనెలోంచి బయటికి వచ్చినప్పుడు, ఇక ఈ చిట్టాను ముగించవచ్చునని నాకు గట్టిగా అనిపించింది. పైపొర ఎర్రగా వేగింది, చివరలు గవ్వల్లా గట్టిపడ్డాయి, పదింటిలో ఒక్కటి కూడా నూనెలో విచ్చుకోలేదు. నాలుగు నిమిషాలు ఆగి మధ్యకు విరిస్తే, పైరెండు చుట్లూ ఫెళఫెళమని విరిగాయి గాని, మాంసాన్ని ఆనుకుని ఉన్న లోపలి పొర మాత్రం తోలు ముక్కలా సాగి, విరగకుండా వేలాడింది. ఒకటో విడతలో కనిపించిన లోపం ఇదే. మధ్యలో ఎన్ని మార్చినా దాని నిడివి తగ్గిందే తప్ప అది పూర్తిగా పోలేదు.

మేముండే శాన్ డియేగోలో వీటిని రోల్డ్ టాకోలు అంటారు. లాస్ ఏంజెలెస్‌లో టకీటోలు అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది, మెక్సికోలో టాకోస్ దొరాదోస్ అంటారు, కాస్త పొడవుగా చుట్టితే ఫ్లౌతాలు అవుతాయి. పేరు చివర ‘బెర్తోస్’ అని ఉండే ఏ టాకో దుకాణానికి వెళ్లినా మూడో ఐదో వరుసగా పేర్చి, పైన గ్వాకమోలే (నూరిన అవకాడో), తురిమిన చీజు వేసి ఇస్తారు. 1940లో టోర్టియాల తయారీతో మొదలైన ఎల్ ఇండియో అనే దుకాణం ఈ ఊరిలోనే ఉంది. లాస్ ఏంజెలెస్ ఓల్వెరా వీధిలోని సియెలీతో లిందో అనే దుకాణం 1934 నుంచి ఇవే అమ్ముతోంది. ఆ రెండో చోట పలచని అవకాడో సాసును టాకోల మీద ధారాళంగా పోసి ఇస్తారు, అయినా తినేవరకు అవి కరకరలాడుతూనే ఉంటాయి. నావి సాసు తగలకముందే లోపలినుంచి మెత్తబడుతున్నాయి కనుక, తడి ఎక్కడినుంచి వస్తోందన్నదే ఇన్నాళ్లుగా నన్ను వేధిస్తున్న ప్రశ్న.

మిగిలిన మాంసం గురించి ముందు చెప్పాలి. మెక్సికోలోని హలీస్కో రాష్ట్రపు పద్ధతిలో, గువాహీయో, ఆంచో అనే ఎండు మిరపకాయలు నూరి పట్టించి, మేక భుజం మాంసాన్ని రాత్రంతా సన్నని సెగ మీద ఉడికించి బిర్రియా అనే కూర చేయడం మా ఇంట్లో నెలకొకసారి జరిగే పని. తిన్నంత తినగా అరకిలోకు పైగా మిగులుతుంది. మరునాడు ఎముకలు తీసి, పీచుపీచుగా విడదీసి, టోర్టియాల్లో చుట్టి వేయిస్తాను. కాల్చిన కోడి మిగిలినప్పుడు దాని రొమ్ము మాంసంతో చేసినవి మొదటిసారే చక్కగా కుదిరాయి. వాటి గురించి రాయడానికి ఏమీ లేదు. ఆ తేలికైన విజయమే నన్ను తప్పుదారి పట్టించిందని ఇప్పుడు అనిపిస్తోంది. కోడితో కుదిరినది మేకతో కుదరకపోతే అనుమానించవలసింది మేకను. నేను మాత్రం నాలుగు విడతల పాటు టోర్టియానూ నూనెనూ అనుమానించాను.

మొదటి మూడు విడతల్లో వాడినవి దుకాణంలో దొరికే ప్యాకెట్ టోర్టియాలు. వారాల తరబడి మెత్తగా ఉండడానికి వాటిలో గోరుచిక్కుడు జిగురు వంటివి కలుపుతారు. మెత్తగా ఉంచడమే పనిగా చేసిన పదార్థాన్ని కరకరలాడమని అడగడం న్యాయం కాదని నాలుగో విడత నుంచి వాటిని మానేశాను. మా ఊరి బార్రియో లోగన్ పేటలోని ఒక చిన్న తయారీ దుకాణంలో మొక్కజొన్న, సున్నం, నీరు తప్ప మరేమీ లేని టోర్టియాలు దొరుకుతున్నాయి. ఒక్కొక్కటి 25 గ్రాములు తూగుతుంది, వ్యాసం 15 సెంటీమీటర్లు. రుచిలో పోలికే లేదు. వీటిని కొన్న రోజు వాడకూడదు. గుడ్డ మీద పరచి ఒక పూట వదిలేస్తే 23 గ్రాములకు దిగుతాయి, అప్పుడు నూనె తక్కువ పీలుస్తాయి. పైపొర ఇంత బాగా రావడానికి కారణం ఈ మార్పేనని నమ్ముతున్నాను, కాని లోపలి పొర దీనికి ఏమాత్రం చలించలేదు.

నూనె విషయంలోనూ కొలతలు తీశాను. పోత ఇనుప మూకుడులో నాలుగు సెంటీమీటర్ల లోతు నూనె పోసి 185 డిగ్రీలకు కాచి, నాలుగు చుట్లు ఒకేసారి వేస్తే 158కి పడిపోయింది. తిరిగి 180 చేరడానికి మూడు నిమిషాలకు పైగా పట్టింది. రెండేసి వేసినప్పుడు 170 కంటే తగ్గలేదు. రెండేసి వేయడం వల్ల రంగు సమంగా వచ్చింది, వంట సమయం రెట్టింపయింది, లోపలి పొర మళ్లీ అలాగే ఉంది. మూకుడు గురించి ఒక మాట: ఈ పనికి లాడ్జ్ కంపెనీ పోత ఇనుము సరిపోయినంతగా నా దగ్గరున్న ఏ పలచని పాత్రా సరిపోలేదు. ఎయిర్ ఫ్రయర్‌లోనూ ఒక విడతలో నాలుగు ప్రయత్నించాను. వచ్చినది కరకరలాడేది కాదు, గట్టిది. ఆ తేడా తెలిసినవారు ఎవరూ ఆ యంత్రాన్ని టోర్టియాలకు సిఫారసు చేయరని నా అభిప్రాయం.

ఐదో విడతలో ఎట్టకేలకు చేయవలసిన పని చేశాను. ఒకే రోజు, ఒకే నూనెలో, ఒకే సంచిలోని టోర్టియాలతో మూడు మేక చుట్లు, మూడు కోడి చుట్లు వేయించాను. ప్రతిదానిలోనూ సరిగ్గా 28 గ్రాముల మాంసం పెట్టాను. వేయించిన తరువాత చుట్టును మొత్తంగా తూచడం వల్ల ప్రయోజనం లేదని అంతకుముందే అర్థమయింది, ఎందుకంటే బయటికి పోయే నీరూ లోపలికి వచ్చే నూనే ఒకదానినొకటి కప్పేస్తాయి. అందుచేత చుట్లు విప్పి, మాంసాన్ని జాగ్రత్తగా గీకి విడిగా తూచాను. కోడి 28 నుంచి సగటున 25 గ్రాములకు తగ్గింది, మేక 21.5 గ్రాములకు తగ్గింది. మేక మాంసం పోగొట్టుకున్న ఆరున్నర గ్రాములలో కొంత ఆవిరై చివరల గుండా పోయి ఉంటుంది. మిగతాది ఎక్కడికి పోయిందో చెప్పడానికి తూకం అక్కరలేదు, ఎందుకంటే లోపలి పొర మీద మిరప ఎరుపు దాదాపు ఒకటిన్నర చుట్ల దూరం పాకి ఉంది. కోడి చుట్లలో ఆ పొర తెల్లగానే ఉంది.

చల్లగా ఉన్నప్పుడు ఆ మేక మాంసం చేతికి ఏమాత్రం తడి తగలదు. మోసమంతా అక్కడే ఉంది. మన పాయా చల్లారాక గిన్నెలో గడ్డకట్టి, వేడి చేయగానే తిరిగి నీరైనట్టే, రాత్రంతా ఉడికిన భుజం మాంసంలోని కీళ్ల జిగురు ఫ్రిజ్‌లో పీచుల మధ్య గట్టిపడి పొడిమాంసంలా నటిస్తుంది, సుమారు 35 డిగ్రీలు దాటగానే కరిగి జారుతుంది. అనుమానం తీర్చుకోవడానికి ఫ్రిజ్‌లోంచి తీసిన మేక పీచు 100 గ్రాములు సన్నని సెగ మీద రెండు నిమిషాలు వేడి చేసి, పలచని గుడ్డలో వేసి పిండితే 14 గ్రాముల ద్రవం వచ్చింది. కోడి రొమ్ము మాంసం నుంచి మూడు గ్రాములే వచ్చింది. మేక ద్రవాన్ని గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే గంటలో గడ్డకట్టింది. లోపల నీరున్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు, కనుక పైపొర 180 డిగ్రీల నూనెలో వేగుతున్నా లోపలి పొర ఆవిరిలో కుడుములా ఉడుకుతూనే ఉంటుంది.

ఆరో విడతలో మాంసాన్ని ఆరబెట్టడం మీదనే దృష్టి పెట్టాను. ముందుగా వేడి చేసి, వడకట్టి, తరువాత మూకుట్లో పొడిగా వేపి, 200 గ్రాముల చొప్పున మూడు భాగాలను పదో వంతు, ఐదో వంతు, మూడు పదో వంతుల మేర బరువు తగ్గించాను. అంటే 180, 160, 140 గ్రాములు. ప్రతిదానితో నాలుగు చుట్లు చేసి, రెండు, ఐదు, పది, పదిహేను నిమిషాలకు ఒక్కొక్కటి చొప్పున విరిచి చూశాను. 180 గ్రాముల భాగం ఐదు నిమిషాలకే చేతులెత్తేసింది. 160 గ్రాముల భాగం పది నిమిషాల దగ్గర కూడా బయట గట్టిగా ఉంది, లోపల మొదట మడిచిన అంచు మాత్రమే మెత్తబడింది. 140 గ్రాముల భాగం పదిహేను నిమిషాలకూ కరకరలాడింది గాని, కొబ్బరి పీచు నమిలినట్టుంది. రాత్రంతా ఉడికించిన శ్రమ ఆ గుడ్డలోనే మిగిలిపోయింది. మా అమ్మాయి ఒకటి కొరికి మర్యాదగా పక్కన పెట్టింది. పిండిన ద్రవాన్ని మాత్రం పారబోయకుండా సగానికి మరిగించి, నిమ్మరసం పిండి, ముంచుకోవడానికి ఇచ్చాను. అది మొదటి ఐదు నిమిషాల్లోనే అయిపోయింది.

ఐదో వంతు తగ్గించడమే సరైన మధ్యస్థితి అని తేలాక మిగిలింది నేను నాలుక అంటున్న భాగం: చుట్టడం మొదలుపెట్టేటప్పుడు మాంసం మీదికి మడిచే మొదటి మూడు సెంటీమీటర్ల టోర్టియా. ఇక్కడ లెక్క నాకు ఎదురు తిరిగింది. రెండు సెంటీమీటర్ల మందం గల చుట్టు చుట్టుకొలత ఆరుంపావు సెంటీమీటర్లు, కనుక 15 సెంటీమీటర్ల టోర్టియా దాదాపు రెండుంపావు నుంచి రెండున్నర చుట్లు తిరుగుతుంది. మాంసం తగ్గించి సన్నగా చుట్టితే తడి తగ్గుతుందని నేను ఐదు విడతలుగా అనుకుంటూ వచ్చాను. నిజానికి ఎంత సన్నగా చుట్టితే అంత ఎక్కువ పొర నూనెకు అందకుండా లోపల దాక్కుంటుంది.

అప్పుడు తాపేశ్వరం మడత కాజా గుర్తుకు వచ్చింది. అందులోనూ పొర మీద పొర ఉంటుంది, అయినా లోపలి పొరలు వేగుతాయి. పొరల మధ్య నెయ్యి పూస్తారు, పైగా సన్నని సెగ మీద తీరుబడిగా వేయిస్తారు. మైదాకూ మొక్కజొన్నకూ పోలిక లేదని తెలిసినా, ఏడో విడత ఆ దారిలోనే చేశాను. టోర్టియా లోపలి వైపు పావు చెంచా నూనె రాసి, బాగా బిగించకుండా చుట్టి, చల్లటి మాంసం కాక గోరువెచ్చని మాంసం పెట్టి, ముందు 150 డిగ్రీల నూనెలో నాలుగు నిమిషాలు, జల్లెడ మీద ఆరు నిమిషాలు ఆరనిచ్చి, తిరిగి 188 డిగ్రీలలో తొంభై సెకన్లు వేయించాను. పన్నుపుల్లలతో ఒక్కొక్కటి గుచ్చడం కంటే మూడింటిని కలిపి ఒక వెదురు పుల్లకు గుచ్చడం ఎంతో మేలని కూడా ఈసారే తెలిసింది. ఫలితం మొదటి పేరాలో రాసినదే: రెండో చుట్టు పూర్తిగా వేగింది, నాలుక మూడు సెంటీమీటర్ల నుంచి సుమారు ఒకటిన్నరకు తగ్గింది. కాని 150 డిగ్రీల మొదటి వేపుడులో అవి ఎక్కువ జిడ్డు పీల్చాయి. కాగితం మీద పెట్టిన మరకలు చూస్తే రెండేసి రూపాయి బిళ్లలంత ఉన్నాయి. ఆ మొదటి ఉష్ణోగ్రతను 160కి పెంచి, సమయాన్ని మూడు నిమిషాలకు తగ్గించాలని అనుకుంటున్నాను.

చీజు లోపల పెట్టి చూడమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. కరిగి కారే మరొక పదార్థాన్ని లోపలికి పంపడం నాకు ఇష్టం లేదు. కోతీహా చీజు పైన చల్లడానికే బాగుంటుంది.

ఎనిమిదో విడతకు టోర్టియాలు ఇంట్లోనే చేయడానికి మాసెకా అనే మొక్కజొన్న పిండి తెచ్చి ఉంచాను. ప్రెస్‌లో 12 సెంటీమీటర్ల వ్యాసంతో, 17 లేక 18 గ్రాముల టోర్టియాలు నొక్కితే రెండు సెంటీమీటర్ల చుట్టుకు రెండు చుట్ల లోపే సరిపోతుంది, కనుక దాక్కునే నాలుకే ఉండకూడదు. అంత చిన్నదానిలో 20 గ్రాములకు మించి మాంసం పట్టదు, అంచు అతుకుతుందో లేదో కూడా సందేహమే, అందుకే సగం చిన్నవి, సగం 15 సెంటీమీటర్లవి పక్కపక్కనే వేయిస్తాను. నవంబరులో థాంక్స్ గివింగ్ పండుగ తరువాత టర్కీ కోడి కాలి మాంసం ఎలాగూ మిగులుతుంది. అందులోనూ జిగురు ఉంటుంది కాబట్టి, ఐదో వంతు లెక్క దానికీ పనికొస్తుందేమో చూడాలి. ఈలోగా శుక్రవారం సాయంత్రం భుజం మాంసం నానబెట్టాలి, గువాహీయో మిరపకాయలు డబ్బాలో నాలుగే మిగిలాయి.