చుట్టల ఊళ్లో పెరిగిన బుల్లి కెమెరా

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి గీసెన్ దాకా రైల్లో వెళ్లి, అక్కడ బస్సెక్కి లాన్ నది దాటి హోయ్‌హెల్‌హైమ్‌లో దిగేసరికి ఆదివారం మధ్యాహ్నం రెండయింది. అంత దూరం వచ్చి, పక్కనే వెట్స్‌లార్‌లో ఉన్న పేరుమోసిన కెమెరాల కంపెనీ లైకాను చూడకుండా ఈ చిన్న ఊరికి రావడమేమిటని మిత్రులు నవ్వారు గాని, నాకు కావలసింది మినాక్స్ అనే బుల్లి కెమెరా పెరిగిన చోటు.

దాన్ని కనిపెట్టిన వాల్టర్ జాప్ లాత్వియాలోని రీగాలో పుట్టాడు; గుప్పిట్లో ఇమిడే కొయ్యముక్కను ముందుగా చెక్కుకుని, కెమెరా దానిలో పట్టితీరాలని పంతం పట్టిన మనిషి. 1938లో రీగాలోనే దాని తయారీ మొదలైంది. యుద్ధంలో ఆ కర్మాగారం చేజారాక, 1945లో రిచర్డ్ యూర్గెన్స్‌తో కలిసి వెట్స్‌లార్‌లో మినాక్స్ సంస్థను స్థాపించాడు. పెట్టుబడి పెట్టింది మాత్రం హోయ్‌హెల్‌హైమ్‌లోని రిన్ ఉండ్ క్లోస్ అనే చుట్టల కంపెనీ. పొగాకు డబ్బుతో కటకాలు అరగదీశారన్నమాట! యుద్ధానికి ముందరి ఉక్కు ఒంటికి బదులు తేలికైన అల్యూమినియం తొడుగుతో 1948లో ఈ ఊళ్లోనే ఉత్పత్తి మొదలైంది. అయితే జాప్ 1950లోనే సంస్థను విడిచి వెళ్లిపోయాడు. ఆయన పేరు వినగానే నాకు ముందు గుర్తొచ్చేది ఈ సంగతే.

ఊరి మ్యూజియంలో ఉన్న పెద్దాయన, నా ఆసక్తి చూసి, ఒక మినాక్స్‌ను చేతికిచ్చారు. రెండు కొసలూ పట్టుకుని లాగితే కటకం బయటపడుతుంది; మూసి మళ్లీ లాగితే ఫిల్ము ఒక బొమ్మ మేర ముందుకు జరుగుతుంది. 9.2 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ ఫిల్ముపై బొమ్మ కొలత 8×11 మిల్లీమీటర్లే, అంటే మన చిటికెనవేలి గోరంత. కటకంలోంచి వెలుగును పంపే రంధ్రం కొలత (ఎఫ్ 3.5) మారదు గనుక వెలుగును షట్టరు వేగంతోనే సరిచూసుకోవాలి. పెద్దాయన కెమెరాకు తగిలించిన గొలుసును సాచి, దానిపై పూసలున్న చోట్లను నా పాస్‌పోర్టు పేజీకి ఆనించి చూపించారు: దగ్గర దూరాలను కొలిచే కొలబద్ద అది. 20 సెంటీమీటర్ల నుంచే కాగితంలోని అక్షరాలు స్పష్టంగా పడతాయి గనుక గూఢచారులు దీన్ని ఇష్టపడ్డారు. గూఢచారుల కెమెరా అన్న ఆ పేరు కంపెనీకి ప్రచారమై ఉపకరించింది గాని, కెమెరా పనితనాన్ని మాత్రం మరుగుపరిచిందని నా అభిప్రాయం.

1974లో వచ్చిన మినాక్స్ 35 మామూలు ఫిల్ముతో పనిచేస్తూనే జేబులో పట్టింది. అయినా 1988లో సంస్థ దివాలా తీసింది. 1996లో లైకా దాన్ని కొనుక్కుంది.

తిరుగు బస్సు నాలుగున్నరకు. పెద్దాయన గొలుసును వేలికి చుట్టి, జాగ్రత్తగా అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారు.